చీమకుర్తి గ్రానైట్ ఉద్యోగికి పింఛను ఎంత వస్తుంది?

ప్రశ్న (ఒంగోలు): మా నాన్నగారు చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో 2015లో చేరారు, 2027లో 58 ఏళ్లు నిండి విరమిస్తారు. జీతం 24,000 రూపాయలు కనుక సగమైనా పింఛనుగా వస్తుందని ఆయన నమ్మకం. నిజమేనా?

జవాబు (కావలి): కాదండీ. జీతం ఎంత ఉన్నా ఉద్యోగుల పింఛను పథకమైన ఈపీఎస్‌లో సాధారణంగా 15,000 వరకే లెక్కలోకి తీసుకొని, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు కనుక, 12 ఏళ్లకు నెలకు సుమారు 2,571 రూపాయలే వస్తాయి. కరువు భత్యమూ ఉండదు. అసలు ఇబ్బంది అక్కడే.

జవాబు (కందుకూరు): పీఎఫ్ సొమ్ము వేరుగా చేతికందుతుంది. అది బంధువుల అప్పులకు కరిగిపోకముందే పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేయించండి. 60 నిండకపోయినా, విరమణ సొమ్ము అందిన మూడు నెలల్లోపు చేరవచ్చు. వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది.

ప్రశ్న వేసినవారు: నాన్నగారి తరువాత అమ్మకు?

జవాబు (కావలి): ఆ పింఛనులో సగం వస్తుందండీ. కాబట్టి పొదుపు ఖాతాలో నామినీగా అమ్మగారి పేరు ఇప్పుడే రాయించండి.