మెట్ల కింద అర: స్క్రూలు లేకుండ తీసిపెట్టే ప్లై ప్యానెల్ ఎట్ల నిలబెట్టాలె?

మిర్యాలగూడ ఇల్లు:
మెట్ల కింద ఖాళీలో బియ్యం బస్తాలు, పండుగ గిన్నెలు పెట్టుకున్నం. ముందర 18 ఎం.ఎం. ప్లై ప్యానెల్, 3 అడుగుల వెడల్పు, 2.5 అడుగుల ఎత్తు, బయటివైపు సన్మైకా. నడవ ఇరుకు, కబ్జాలు పెట్టి తలుపు లెక్క తెరిచే జాగ లేదు. ఇప్పుడు నాలుగు మూలల స్క్రూలున్నయ్. తీసిపెట్టీ తీసిపెట్టీ రంధ్రాలు వదులైనయ్, స్క్రూ ఊరికే తిరుగుతది. నాలుగు మాగ్నెట్ క్యాచర్లు కొడితే ఆగుతదా?

చెక్కపని నల్లగొండ:
బరువంతా మాగ్నెట్ల మీద వేస్తే ఆగదన్నా. ఆ ప్యానెల్ 8 కిలోల చుట్టు ఉంటది. మాగ్నెట్‌కు ఎదురుగ లాగితే ఉన్న పట్టు కిందికి జారే బరువుకు ఉండదు. బరువు కింద గడప మీద కూర్చోవాలె. పై అంచు ముందుకు వాలకుండ పట్టుకునుడే మాగ్నెట్ పని, దానికి పైన రెండు చాలు.

అడుగున 1.5 x 1 అంగుళం టేకు రీపర్ (సన్న చెక్క పట్టీ) పడుకోబెట్టి బిగించుండ్రి. ప్యానెల్ కింది అంచుల, రెండు చివరల నుంచి 4 అంగుళాలు లోపలికి, ఒక్కోటి 8 ఎం.ఎం. డోవెల్ (గుండ్రటి చెక్క మేకు) ఫెవికాల్‌తోని దించాలె. 30 ఎం.ఎం. లోపలికి, 8 ఎం.ఎం. బయటికి. రంధ్రం కొట్టేటప్పుడు రెండు వైపుల క్లాంప్ బిగించకుంటే ప్లై పొరలు విచ్చుకుంటయ్. రీపర్‌ల 10 ఎం.ఎం. రంధ్రాలు కొట్టి, వాటిని ఉలితోని ముందుకూ వెనక్కూ కోలగ చెక్కాలె. గుండ్రంగనే వదిలేస్తే ప్యానెల్ వాల్చి తీసినప్పుడల్లా డోవెల్ మొదట్ల ఒత్తుకొని విరుగుతది.

పైన, ప్యానెల్ వెనక వచ్చేటట్టు ఇంకో రీపర్ కొట్టి క్యాచర్లు దానికి, వాటి బిళ్ళలు ప్యానెల్ వెనకవైపు పెట్టాలె. క్యాచర్ స్క్రూలు ముందు సగమే బిగించుండ్రి. ప్యానెల్ పెట్టి నొక్కి, బిళ్ళ పూర్తిగ ఆనినంక గట్టిగ తిప్పాలె. 1 ఎం.ఎం. సందున్నా పట్టు బాగ పడిపోతది. బిళ్ళ ఇనుపదే కావాలె, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను మాగ్నెట్ పట్టదు. బిళ్ళకు 5/8 అంగుళం స్క్రూ దాటొద్దు, 3/4 దైతే మొన సన్మైకాకు తగిలి బుడిపె లేస్తది. లాగనీకి పైన నడుమ, అంచుకు 3 అంగుళాల కింద, కబ్జా గుంతకు వాడే 35 ఎం.ఎం. బిట్‌తోని ఒక రంధ్రం కొట్టుండ్రి. అంతకంటే పైకి కొడితే వెనక రీపర్ వేళ్లకు అడ్డం వస్తది.

పాలమూరు ఇంటీరియర్:
పద్ధతి సరైనదే. కానీ సన్మైకా బయటివైపే ఉందన్నారు, అసలు ఇబ్బంది అక్కడ వస్తుంది. వానాకాలంలో వెనకవైపు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ముందువైపు సన్మైకా కదలనివ్వదు. దాంతో మూలలు ముందుకు వంగి మాగ్నెట్లు వదిలేస్తాయి. క్యాచర్ మంచిది కాదనుకుని దాన్ని మారుస్తూ పోతారు. వెనక కూడా 0.8 ఎం.ఎం. లైనర్ (సన్మైకా లాంటి పల్చటి షీటు) వేయించండి. నాలుగు అంచులకూ, వేలు పట్టే రంధ్రం లోపలికీ రెండు కోట్ల సీలర్ కొట్టండి. పక్కల 2 ఎం.ఎం., పైన 3 ఎం.ఎం. సందు వదలాలి.

మిర్యాలగూడ ఇల్లు:
మంచిగ అర్థమైంది. ఇన్వర్టర్ బ్యాటరీ కూడ అండ్లనే ఉంది. మూసేస్తే పర్వాలేదా? పిల్లలు లాగకుండ ఏం చేయాలె?

చెక్కపని నల్లగొండ:
నీళ్లు పోసే బ్యాటరీ అయితే గాలి ఆడకుండ అస్సలు మూయొద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది, అది తేలిక, మెట్ల కింద ఎత్తైన మూలల జమైతది. ఒక జాలి ప్యానెల్ కింది భాగంల, ఇంకోటి ఆ ఎత్తు మూలకు దగ్గర గోడల పెట్టుండ్రి. కింద ఒక్కటే పెడితే గాలి తిరగదు.

పిల్లల కోసమైతే పై రీపర్‌కు ముందరి నుంచి ఒక తిప్పుడు బిళ్ళ కొట్టుండ్రి, ఒక్కటి సరిపోతది. దాని స్క్రూ రీపర్ చెక్కలకు దిగాలె. ప్లై అంచుల దించితే ఇప్పటి లెక్కనే మళ్ల వదులైతది.