పారాచూట్ స్పెక్ట్రా లైన్లు పొట్టివయ్యాయి: బ్రేక్ లైన్లే మార్చాలా, మొత్తం సెట్టా?

రిగ్గర్లు (పారాచూట్లు సరిచేసేవాళ్లు) ఎవరైనా ఉంటే చెప్పండి. 170 చదరపు అడుగుల నైన్-సెల్ (తొమ్మిది గాలి గదుల) కానోపీ, అంటే పారాచూట్ గుడ్డ రెక్క; స్పెక్ట్రా (ఒక రకం సింథటిక్ దారం) లైన్లు, దాదాపు 400 జంపులు. టోగుల్స్ (బ్రేక్ లైన్ల చివరి పిడులు) పూర్తిగా వదిలినా వెనక అంచు కిందికి లాగే ఉంటోంది. ఫ్రంట్ రైజర్లు (ముందు లైన్లు కలిసే పట్టీలు) పట్టి లాగితే కానోపీ ఎగిరెగిరి పడుతోంది.

అన్ని లైన్లనూ ఒకే బిగువులో లాగి కొలిస్తే ముందు వరస ‘A’ లైన్లు తయారీ పట్టికకు సరిపోయాయి, బ్రేక్ లైన్లు మాత్రం 8 సెంటీమీటర్లు తక్కువ. స్లైడర్ (కానోపీ తెరుచుకునేటప్పుడు లైన్ల వెంట కిందికి జారే గుడ్డ) గ్రోమెట్ల (లోహపు రింగుల) రాపిడి వేడికి స్పెక్ట్రా కుంచించుకుపోతుంది కాబట్టి ఇది వింతేమీ కాదు. అంచు లైన్లు కూడా కాస్త తగ్గాయి, అసలు సందేహం అక్కడే.

కింది బ్రేక్ లైన్లు మాత్రమే కొత్తవి వేస్తే ట్రిమ్ (లైన్ల పొడవుల పొంతన) కుదురుతుందా? లేక మొత్తం మార్చి వెక్ట్రాన్ (ఇంకో రకం సింథటిక్ దారం) వేయించడం మేలా? అది కుంచించుకోదు గానీ ఎండకు ఓర్వదు, అరిగితే ముందస్తు సూచన పెద్దగా లేకుండానే తెగుతుంది. వెక్ట్రాన్ వాడేవాళ్లు బ్రేక్ లైన్లను ఎన్ని జంపులకు మారుస్తున్నారు?