గిగాబిట్ కేబుల్ ఇంటర్నెట్‌కు సొంత మోడెమ్ కొనడం సబబేనా?

ఎడిసన్ నివాసి:
న్యూజెర్సీలోని మా ఇంటి గిగాబిట్ కనెక్షన్‌కు కేబుల్ సంస్థ మోడెమ్, వైఫై కలిసిన బాక్సు ఒకటి ఇచ్చి, దానికి నెలకు 15 డాలర్ల అద్దె వేస్తోంది. మూడేళ్లలో 540 డాలర్లు కట్టినా బాక్సు మాత్రం ఇంకా వారిదే. దాన్ని తిరిగి ఇచ్చేద్దామనుకుంటుండగా, ఒక మిత్రుడు తన దగ్గర వాడకుండా పడి ఉన్న 32 చానళ్ల డాక్సిస్ 3.0 (కేబుల్ లైను మీద ఇంటర్నెట్ నడిపే ప్రమాణం) మోడెమ్‌ను ఊరికే ఇస్తానన్నారు. దాని అట్టపెట్టె మీద 1.4 గిగాబిట్ అని రాసి ఉంది. అది సరిపోతుందా, కొత్తగా డాక్సిస్ 3.1 మోడెమ్ కొనాలా, లేక అద్దె బాక్సే మేలా? మేమిద్దరం పగలంతా వీడియో సమావేశాల్లోనే ఉంటాం.

పాత నెట్‌వర్క్ ఇంజనీరు:
ఊరికే వచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు గానీ, ఈ ఆవు విషయంలో లెక్కపెట్టక తప్పదు. డాక్సిస్ 3.0 అన్నది 2006 నాటి ప్రమాణం. అందులో 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో చానల్‌లో మన చేతికి దక్కేది సుమారు 38 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). 32 చానళ్లూ దొరికితే 1,216 అవుతుంది. అయితే సంస్థ అన్ని చానళ్లు ఇస్తుందన్న హామీ లేదు, ఇచ్చినా అవి వీధిలోని ఇళ్లన్నిటికీ ఉమ్మడి. 2013లో వచ్చిన 3.1 ప్రమాణంలో ఒక్క చానలే 192 మెగాహెర్ట్జ్ వరకు విస్తరించగలదు, లైనులో కొంత రొద ఉన్నా తట్టుకోగలదు.

అంతకన్నా ముఖ్యంగా, లోపలున్న చిప్ ఏదో చూడండి. 24, 32 చానళ్ల మోడెమ్‌లు చాలావాటిలో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉండేది. దానివల్ల ఉన్నట్టుండి స్పందన ఆలస్యమవుతోందని 2016లో వాడకందారులు బయటపెట్టారు, మరుసటి ఏడాది అమెరికాలో కోర్టు కేసు కూడా పడింది. స్పీడ్ టెస్టులో ఈ లోపం కనిపించదు. సమావేశంలో అవతలివారి మాట మధ్యలో తెగినప్పుడే తెలుస్తుంది. కొనేటట్లయితే బ్రాడ్‌కామ్ చిప్‌తో వచ్చే ఆరిస్ ఎస్‌బీ8200, మోటరోలా ఎంబీ8611 వంటివి చూడండి.

డల్లాస్ తెలుగాయన:
చిప్ సంగతి ఒప్పుకుంటాను గానీ, సొంతం అనే మాటతో పేచీ ఉంది. మీరు డబ్బు పెట్టి కొన్న మోడెమ్‌లో సాఫ్ట్‌వేర్ మార్చే అధికారం మీకు ఉండదు. కేబుల్ సంస్థ తన లైను మీదుగా పంపితేనే మారుతుంది. లైను పాడైతే మీ మోడెమ్‌దే తప్పని వారంటారు, లైనుదే తప్పని మోడెమ్ కంపెనీవారంటారు, మధ్యలో మీరు నలుగుతారు.

ఇక అప్‌లోడ్ మాట. ఇన్నాళ్లూ కేబుల్ లైనులో అప్‌లోడ్‌కు 42 మెగాహెర్ట్జ్ లోపు ఇరుకు సందు మాత్రమే ఉండేది. ఇప్పుడు సంస్థలు దాన్ని 85కి, కొన్నిచోట్ల 204కి పెంచుతున్నాయి. అయితే సంస్థ అనుమతించిన మోడెమ్‌ల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఈ పెరిగిన అప్‌లోడ్ కూడా దక్కుతుందనుకోకూడదు. దానికి అనుమతి ఉన్నదీ లేనిదీ విడిగా అడిగి తెలుసుకోవాలి. పగలంతా కెమెరా ముందు కూర్చునేవారికి డౌన్‌లోడ్ కన్నా ఇదే ప్రధానం కాదా?

అపార్ట్‌మెంట్ అనుభవజ్ఞుడు:
మోడెమ్ మీద పోట్లాడుకునే ముందు గోడ దగ్గరికి వెళ్లి వైరు చూడమంటాను. నేను కొత్త 3.1 మోడెమ్ తెచ్చి బిగించినా వేగం 400 దాటలేదు. బ్రౌజర్‌లో 192.168.100.1 అనే మోడెమ్ సొంత పేజీ తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ 10 డీబీఎంవీ (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) అని బలహీనంగా చూపింది. టీవీ బల్ల వెనక చేయి పెట్టి తడిమితే, వెనకటి అద్దెదారు వదిలివెళ్లిన మూడు మూతుల స్ప్లిటర్ (ఒక వైరు సిగ్నల్‌ను పలు వైర్లకు పంచే ముక్క) దుమ్ములో దొరికింది. అందులో 7 డెసిబెల్ నష్టమయ్యే మూతికే నా వైరు తగిలించి ఉంది. దాన్ని తీసేసి నేరుగా కలిపితే బలం మైనస్ 3కు, వేగం 930కి వచ్చాయి. మామూలు గిగాబిట్ పోర్టులోంచి అంతకుమించి రావడం కష్టం. మీ ప్లాన్ గిగాబిట్ దాటితేనే 2.5 గిగాబిట్ పోర్టుకు డబ్బు పెట్టండి, అదీ రౌటర్‌కు కూడా అలాంటి పోర్టు ఉంటేనే.

పాత నెట్‌వర్క్ ఇంజనీరు:
డల్లాస్ మిత్రులకు ఒక మాట. మంచి స్పష్టతతో సాగే వీడియో సమావేశానికి అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ చాలు, ఇద్దరికీ 8. ఎడిసన్ వారూ, బాక్సు వాపసు ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోండి. సంస్థ ఇవ్వని పరికరానికి అద్దె వసూలు చేయకూడదని 2019లో అమెరికాలో చట్టం వచ్చింది గానీ, బిల్లు మీద వాదించాల్సి వస్తే చేతిలో కాగితం ఉండాలి. ల్యాండ్‌లైన్ కూడా ఆ సంస్థదే అయితే ఫోను పోర్టున్న మోడెమ్ కావాలి, పైన చెప్పినవి పనికిరావు.

ఎడిసన్ నివాసి:
మాకు ల్యాండ్‌లైన్ లేదు. అప్‌లోడ్ 35 వస్తోంది. మా వీధికి ఆ అప్‌లోడ్ విస్తరణ ఇంకా రాలేదని సంస్థవారు చెప్పారు. మిత్రుడి మోడెమ్ వద్దని చెప్పేసి, 3.1 కొనడానికే నిశ్చయించుకున్నాను.

డల్లాస్ తెలుగాయన:
మంచిది. వచ్చే ఏడాది ఆ విస్తరణ మీ వీధికి వచ్చి, ఈ మోడెమ్‌కు దానికి అనుమతి లేదంటే, మిగిలిందనుకున్న అద్దె కాస్తా రెండో మోడెమ్‌కు పోతుంది. అందుకే నేను అద్దె బాక్సు దగ్గరే ఆగాను.