పదేళ్ల పిల్లలకి సివిలైజేషన్ 6 నయమా, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నయమా?

రాజ్యాలు కట్టి నడిపే ఈ రెండు కంప్యూటర్ ఆటలూ పిల్లలతో ఆడించినవాళ్లు చెప్పగలరా? సివిలైజేషన్ 6కి అమెరికా రేటింగ్ 10 ఏళ్లు దాటినవాళ్లకి, యూరప్ రేటింగ్ 12. కానీ ఆ రేటింగులు హింస, భాషలాంటివి చూస్తాయే తప్ప ఆట ఎంత కష్టమో చూడవు. నా సందేహమంతా అక్కడే.

సివిలైజేషన్ వంతులవారీ ఆట, తొందరపెట్టదు, నెత్తురు కనబడదు. అణుబాంబులు మాత్రం ఉన్నాయి. పైగా క్రీ.పూ. 4000లోనే గాంధీ రాజ్యం మొదలుపెట్టేస్తాడు! చరిత్ర వరస ఇలా కలగాపులగమైతే పిల్లలకి ఎలా సర్దిచెప్తున్నారు? "ఇంకొక్క వంతు" అంటూ లేవకపోతే టైమర్ పెట్టాలా, ముందే ఇన్ని వంతులని ఒప్పించాలా?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో అన్నీ ఒకేసారి నడుస్తాయి. కలప, తిండి, బంగారం, రాయి చూసుకుంటుండగానే శత్రువు మీదపడతాడు. శవాలు అస్థిపంజరాలుగా మారినా బొమ్మలు చిన్నవే, దాని గురించి బెంగ లేదు. వేగం తగ్గించి, స్కాట్లాండ్ వీరుడు విలియం వాలెస్ కథతో ఆట నేర్పే పాఠాలతో మొదలుపెడితే ఆ వయసుకి అందుతుందా?

ఆన్‌లైన్ చాటింగ్ అమెరికా రేటింగ్ కిందికి రాదు. అందుకే దాన్ని ఆపేసి, సివిలైజేషన్‌లో ఒకే కంప్యూటర్ మీద వంతులు మార్చుకునే హాట్‌సీట్ ఒక్కటే ఉంచితే పిల్లలకి విసుగొస్తుందా?