పండుగకు 14 మంది చుట్టాలు, నాగార్జునకొండ లాంచి: ఎట్ల చేస్కోవాలె?

ప్రశ్న (హాలియా నుంచి)

అందరికి నమస్తే. సంక్రాంతికి మా ఇంటికి 14 మంది వస్తున్నరు, మేం నలుగురం. హైదరాబాద్ నుంచి రెండు కుటుంబాలు, బెంగళూరు నుంచి ఆడబిడ్డోళ్లు. మోకాళ్ల నొప్పుల అత్తమ్మ, 80 దాటిన మామయ్య, చిన్నపిల్లలు ముగ్గురు. ఒకరోజు అందరినీ నాగార్జునసాగర్ నీళ్ల నడుమున్న నాగార్జునకొండ దీవికి తీస్కపోవాలని ఉంది. లాంచి సంగతేంది, తిండి ఇంటి నుంచే పట్కపోవాల్నా? ఇంకోటి, ఇల్లు రెండు బెడ్రూములది, ట్యాంకు 500 లీటర్లది. పొద్దటి పూట స్నానాలు ఎట్ల ఒడుస్తయో తెలుస్తలేదు.

జవాబు 1 (సాగర్, హిల్ కాలనీ)

అక్కా, ముందు వారం చూస్కోండి. శుక్రవారం కొండ మీది మ్యూజియం బంద్. ఆరోజు పోతే గోడలు చూసి రావాల్సిందే.

కొండకు పాతకాలం నుంచి లాంచీలు పోయే రేవు బ్రిడ్జి దాటినంక ఆంధ్ర దిక్కు విజయపురి సౌత్‌ల ఉంటది. మన దిక్కు టూరిజం లాంచి ఎక్కేటట్లయితే, అది కొండకు పోతదా లేక నీళ్లల్ల ఒక చుట్టు తిప్పి తెస్తదా అని అడిగినంకనే టికెట్ తీయండి. ఈ రెంటి మధ్యనే చాలామంది మోసపోతరు. జనం సరిపోనిది లాంచి కదలదు, గాలి ఎక్కువున్నా ఆపేస్తరు. అందుకే పొద్దున్నే ఫోన్ చేసి, మొదటి ట్రిప్పుకే రేవుల ఉండాలె. మధ్యాహ్నందాక ఆగితే వాపసు వచ్చేటప్పుడు తొందరైతది, మ్యూజియం సగంల ఇడిసిపెట్టాలె.

2019ల గోదావరిల కచ్చులూరు కాడ పడవ ప్రమాదమైన సంది లైఫ్ జాకెట్ల మీద అందరికీ పట్టింపు పెరిగింది, మంచిదే. పిల్లలకు చిన్న సైజు కావాలని అడుగండి. పెద్దోళ్ల జాకెట్ తొడిగితే నీళ్లల్ల పడ్డప్పుడు జాకెట్ పైకి తేలి తల మీదికెళ్లి జారిపోతది. భుజాల కాడ పట్టి పైకి లేపి చూడండి. గదువ దాకా వస్తే అది పిల్లకు పనికిరాదు.

జనవరిల పొద్దున చలి, పదకొండు దాటినంక ఎండ. లాంచి పై అంతస్తుల నీడ ఉండది, నీళ్ల మీద ఎండ ఇంకింత కొడతది. స్వెటర్ తీసేటట్టు ఉండాలె, టోపీ, తువ్వాల తప్పకుండ పట్కపోండి.

మ్యూజియంల ముందు, డ్యాం నీళ్లల్ల మునిగిపోయిన లోయ నమూనా కాడికి పిల్లల్ని తీస్కపోండి. 1954 నుంచి 1960 దాక తవ్విన ఊరు ఎక్కడుండె, నీళ్లు ఎంతదాక వచ్చినయి అన్నది అది చూస్తేనే అర్థమైతది. తర్వాత ఇక్ష్వాకుల నాటి శిల్పాలు చూస్తే అవి ఎక్కడివో తెలుస్తది. లేకుంటే పిల్లలకు అన్నీ ఒక్కతీరు రాళ్లే.

జవాబు 2 (మిర్యాలగూడ)

తిండి ఇంటి నుంచే. దీవిల ఏం దొరుకుతదో నమ్మకం పెట్టుకోవద్దు.

18 మందికి పులిహోర 1.5 కిలోల బియ్యం, పెరుగన్నం 1 కిలో సరిపోతది. పాత బియ్యమే తీస్కోండి, గ్లాసుకు గ్లాసున్నర నుంచి పావు తక్కువ రెండు గ్లాసుల నీళ్లే. అన్నం వెడల్పు తాంబాలంల పరిచి, నూనె, పసుపు కలిపి పూర్తిగా ఆరనియ్యాలె. చింతపండు 150 నుంచి 180 గ్రాములు. పులుసు నూనె పైకి తేలేదాక ఉడకాలె, పల్చగుంటే మధ్యాహ్నానికే వాసనొస్తది. వేడి మీద డబ్బా మూత పెడితే ఆవిరి నీళ్లై అన్నం మీద పడి మెత్తబడి పాడైతది. చాలా ఇండ్లల్ల ఆగమయ్యేది ఈడనే.

పెరుగన్నానికి మొత్తం పెరుగే కలపొద్దు. గోరువెచ్చని పాలు లీటరున్నర, రెండు చెంచాల పెరుగు, పొద్దున ఆరింటికి కలిపి పెడితే ఒంటిగంటకు కమ్మగ ఉంటది. పోపు ఆడనే వేస్కునేటట్టు చిన్న సీసల పట్కపోండి. సకినాలు, గారిజలు స్టీల్ డబ్బాల్ల, ప్లాస్టిక్ కవర్లల్ల పోస్తే లాంచి ఎక్కేసరికే పొడి పొడి. ఎత్తిపోతల జలపాతానికి పోతే డబ్బాలు బండిల నుంచి దించొద్దు, కోతులుంటయి.

జవాబు 3 (నల్లగొండ)

స్నానాల లెక్క చెప్త. మనిషికి 20 లీటర్లంటే 18 మందికి 360 లీటర్ల వేన్నీళ్లు. 15 లీటర్ల గీజరు, 2000 వాట్లది, ఒక్కసారి కాగేటందుకు 20 నిమిషాలు తీస్కుంటది. చన్నీళ్లు కలిపితే 30 లీటర్లు. అంటే 12 సార్లు, నాలుగు గంటలు. పొద్దున లాంచి అందదు. అందుకే బయట కట్టెల పొయ్యి మీద పెద్ద గంజు పెట్టుండ్రి, గీజరు ముసలోళ్లకు, పిల్లలకు ఇడువుండ్రి. గీజర్లు రెండుంటే, రెండూ ఒక హెచ్‌పీ మోటరూ ఒక్కసారి వేస్తే 20 ఆంప్స్ దాటుతది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్చి) పడిపోతది.

దొడ్లకు, కడుగుడుకు కలిపితే పొద్దటి పూటనే 700 లీటర్లు దాటొచ్చు, మీ ట్యాంకు ఆగది. 200 లీటర్ల డ్రమ్ములు రెండు కిరాయికి తెచ్చి రాత్రే నింపుండ్రి, మోటరు నాలుగున్నరకే వేయుండ్రి. పరుపులు, చద్దర్లు టెంట్‌హౌస్‌ల పండుగకు వారం ముందే చెప్పాలె, తెచ్చిన రోజు ఎండల వేయాలె. బండల మీద నేరుగ వేస్తే చలి కిందినుంచి ఎక్కుతది, కింద చాప పరవుండ్రి.

హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్లకు చెప్పుండ్రి, విజయవాడ హైవే వద్దు. భోగి ముందురోజు పంతంగి టోల్ కాడ బండ్లు ఆగుతయి. మాల్, కొండమల్లేపల్లి మీదుగ రమ్మనుండ్రి.

ప్రశ్న అడిగినామె

అందరికి దండాలు. అత్తమ్మ లాంచి ఎక్కనంటుంది. పిల్లలు డ్యాం గేట్లు చూస్తమంటున్నరు, నీళ్లు ఇడుస్తరా?

జవాబు 1

గేట్లు 26 ఉన్నయి గని, నీళ్లు ఇడిచేది ఎక్కువగ వానాకాలం వరదకే, మట్టం 590 అడుగుల దాక నిండుకొచ్చినప్పుడు. జనవరిల మూసే ఉంటయి. పిల్లలకు ముందే చెప్పండి, ఆడికిపోయినంక ఏడ్వొద్దు.

అత్తమ్మను, మామయ్యను అనుపుకు తీస్కపోండి. మునిగే లోయ నుంచి తీసిన కట్టడాలు కొన్నిటిని ఆడ మల్ల కట్టిండ్రు, రంగస్థలం కూడ ఉంది. కారు దగ్గరిదాక పోతది. ఒకరు వాళ్ల తోడుంటే మిగిలినోళ్లు లాంచిల పోయి వస్తరు. ఎత్తిపోతల డ్యాం నుంచి 11 కిలోమీటర్లే, 70 అడుగుల జలపాతం. జలపాతం కిందికి దిగే మెట్లు మాత్రం అత్తమ్మతోని కావు, పైన వ్యూ పాయింట్ల కూసోబెట్టండి. తిరిగొచ్చేటప్పుడు పెద్దవూర కాడ పొగమంచు పట్టకముందే బయలెల్లండి.