క్లౌడ్ ప్రాక్సీ వెనకున్న విశాఖ బ్రాంచికి సింగపూర్ సెర్చ్ ఫలితాలు: దారేంటి?

విశాఖ బ్రాంచి వెబ్ ట్రాఫిక్ అంతా జీఆర్ఈ టన్నెల్‌లో (రెండు నెట్‌వర్క్‌లను నేరుగా కలిపే దారి) క్లౌడ్ సెక్యూరిటీ ప్రాక్సీకి, అంటే ట్రాఫిక్‌ను తనిఖీ చేసి ఇంటర్నెట్‌కి పంపే మధ్యవర్తి సర్వర్‌కి వెళ్తోంది. బయటికొచ్చే ఐపీ సింగపూర్‌ది. అందుకే గూగుల్‌లో "దగ్గర్లో ఏటీఎం" అని కొడితే అక్కడివే చూపిస్తోంది.

యూఆర్‌ఎల్‌కి జీఎల్=ఐఎన్ (gl=IN, దేశం ఇండియా అని చెప్పే సెట్టింగ్) తగిలిస్తే దేశం మారుతోంది గానీ ఊరు రావట్లేదు. అసలు ఐపీ ఏదో గూగుల్‌కి చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను ప్రాక్సీ చేర్చాలంటే టీఎల్‌ఎస్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను విప్పి చూడడం) ఉండాలి, అది ఆన్‌లోనే ఉంది. అయితే టన్నెల్ వల్ల హెడర్‌లో 10.తో మొదలయ్యే, లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే చెల్లే ఐపీ వెళ్తోంది. దాన్నిబట్టి ఊరు తేలదు కదా! రౌటర్‌లో సెర్చ్‌ను టన్నెల్ బయటికి మళ్లిద్దామంటే అవే ఐపీ రేంజిల్లో డ్రైవ్, జీమెయిల్ కూడా ఉన్నాయి. వాటిని తనిఖీ లేకుండా వదలడం ప్రమాదం.

హెడర్‌లో బ్రాంచి పబ్లిక్ ఐపీ పంపేలా ఎవరైనా సెట్ చేశారా? టన్నెల్‌ను ప్రాక్సీ వాళ్ల ముంబై నోడ్‌కి (అక్కడి సర్వర్‌కి) మార్చినా ఊరు ముంబై అనే చూపిస్తుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.