కాలేజీ బేస్‌బాల్ క్యాంపులకి రమ్మని మెయిళ్ల మీద మెయిళ్లు, వెళ్లాలా వద్దా?

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా వాడు 11వ తరగతి, కుడిచేతి పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు), ఆరడుగుల ఎత్తు. ఫాస్ట్‌బాల్ గంటకి 82, 83 మైళ్లు, రెండుసార్లు రాడార్ మీద 84 చూశాం. జీపీఏ 3.9. నేను గుంటూరులో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ వీడి వెంట మైదానాల చుట్టూ తిరుగుతూ నేర్చుకున్నాను. కాలేజీ జట్లు పిల్లల్ని ఎంచుకునే ఈ రిక్రూటింగ్ గురించి అడుగుదామంటే మా చుట్టాల్లో గానీ స్నేహితుల్లో గానీ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

11వ తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి డివిజన్ 1 (డి1, కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి, దాని తర్వాత డి2, డి3) కోచ్‌లు పిల్లలకి నేరుగా ఫోన్ చేయొచ్చని టీమ్‌లో చెప్పారు. ఆ రోజు వాడు భోజనం దగ్గర కూడా ఫోన్ వదల్లేదు. కాల్ రాలేదు. ఆ తర్వాత మెయిళ్లు మొదలయ్యాయి, ఇప్పటికి 14 వచ్చాయి, అన్నీ క్యాంపులకి రమ్మనే. పైన వాడి పేరు, కింద కోచ్ పేరు, మధ్యలో "నీలాంటి ఆటగాడి కోసమే చూస్తున్నాం" అన్నట్టు నాలుగు ముక్కలు. ఫీజు 200 నుంచి 350 డాలర్లు. విమానం, హోటల్, అద్దె కారు కలిపితే దూరపువి ఒక్కోటి వెయ్యి దాటుతున్నాయి. వాడేమో అన్నిటికీ వెళ్దామంటాడు. 2024లో కుమార్ రాకర్ అనే పిచర్ ఇక్కడ మా ఊరి మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్ తరఫున పిచింగ్ చేస్తుంటే చూడ్డానికి తీసుకెళ్లాను, వాళ్లమ్మది మన భారతీయ కుటుంబమని తెలిశాక వీడికి ఆశ ఇంకా పెరిగింది. ఆ ఆశ మీద నీళ్లు పోయాలని నాకు లేదు. కానీ ఈ మెయిళ్లు వీడి ఆట చూసి పంపినవా, అందరికీ పంపినవా అన్నది ఎలా తెలుసుకోవాలి? శాట్ కోచింగ్ కూడా ఇప్పుడే ఉంది, ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జెర్సీ_బుల్‌పెన్:

నమస్తే అండీ. మా పెద్దబ్బాయి ఇప్పుడు డి3లో ఆడుతున్నాడు, మీరున్న చోటే మూడేళ్ల కిందట మేమూ ఉన్నాం, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ మెయిల్ సంగతి. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం కాలేజీ క్యాంపుకి ఎవరైనా రావచ్చు. సంఖ్య, వయసు, తరగతి లాంటివి తప్ప వేరే పరిమితి పెట్టకూడదు. ప్రాస్పెక్ట్ క్యాంప్, ఎలీట్ క్యాంప్ అని ఏ పేరు పెట్టినా అంతే. అంటే ఆ మెయిల్ వచ్చినంత మాత్రాన మీవాణ్ణి ఎంచుకున్నట్టు కాదు. షోకేస్‌కి (కోచ్‌ల ముందు ఆట చూపించే ఈవెంట్‌కి) వెళ్లినప్పుడు ఇచ్చిన మెయిల్ ఐడీ, కాలేజీ సైట్‌లో నింపిన ఫారం, ఇలా జాబితాలో పేరుంటే చాలు, మెయిల్ వచ్చేస్తుంది. క్యాంపుల వెనక డబ్బు లెక్క కూడా ఉంది. 2023 జూలై దాకా డి1 బేస్‌బాల్‌లో ఒక అసిస్టెంట్‌ని వాలంటీర్ కోచ్ అనేవాళ్లు, కాలేజీ ఆయనకి జీతం ఇవ్వడానికి వీల్లేదు, ఆయన ఇల్లు గడిచేది ఎక్కువగా క్యాంపుల డబ్బుతోనే. ఆ నియమం పోయింది గానీ క్యాంపుల ఆదాయం చాలా చోట్ల స్టాఫ్‌కి ఇప్పటికీ ముఖ్యమే. అది మోసమని నేననను, పిల్లలకి నేర్పుతారు, ఆట చూస్తారు. ఏ పని మీద వెళ్తున్నామో మనకి తెలిసి వెళ్లాలి, అంతే.

ఇంకో మాట, బాధ పెట్టాలని కాదు. ఆగస్టు 1 నుంచి ఫోన్ చేసే వీలున్న డి1 కోచ్ ఇన్ని వారాల్లో ఒక్క కాల్ కూడా చేయలేదంటే, ఈ రోజుకి మీవాడు ఆయన జాబితాలో పైన లేడనే అనుకోండి. డి1లో ఇప్పుడు 90 దగ్గర్లో విసిరే పిల్లల కోసమే చూస్తున్నారు. పైగా ఆటగాళ్లు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక 20, 21 ఏళ్ల వాళ్లని తెచ్చుకుంటున్నారు, హ౸స్ సెటిల్‌మెంట్ అని ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టు 34 మందికి మించకూడదు. హైస్కూల్ నుంచి నేరుగా తీసుకునే చోట్లు తగ్గిపోయాయి.

మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే: వాడి పేరు ముందే తెలిసిన కోచ్ ఉన్న క్యాంపుకే వెళ్లాం. మొదట మా వాడే మెయిల్ రాశాడు, నేను కాదు. బుల్‌పెన్ (పిచర్లు ప్రాక్టీస్‌గా విసిరే చోటు) వీడియో, రాడార్ అంకెలు, ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల జాబితా), ఆ నెల ఎక్కడెక్కడ ఆడుతున్నాడో అన్నీ పెట్టి, "నా వీడియో చూశారా, మా బ్యాచ్‌లో మీకు పిచర్ కావాలా, క్యాంపుకి వస్తే నా పిచింగ్ దగ్గరుండి ఎవరు చూస్తారు" అని సూటిగా అడిగాడు. జవాబులో వీడియోలోని ఏదైనా విషయం గురించి రాస్తే, స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) గురించో కాలు దించే తీరు గురించో, అది మనిషి రాసిన మెయిల్. మళ్లీ రిజిస్ట్రేషన్ లింకే వస్తే ఆ క్యాంప్ వదిలేశాం.

అట్లాంటా_అమ్మ:

మా అనుభవం చెప్తానండీ, ఎవరికైనా పనికొస్తుందని. మేం ఒకే ఏడాది తొమ్మిది క్యాంపులకి వెళ్లాం. ఒక పెద్ద కాలేజీ క్యాంపుకి ఏడు గంటలు డ్రైవ్ చేసి వెళ్తే అక్కడ నూట యాభై మంది పిల్లలు, హెడ్ కోచ్ పొద్దున ఇరవై నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయారు, మా అబ్బాయి బుల్‌పెన్‌లో పద్దెనిమిది బంతులు వేశాడు, అంకె రాసుకున్నది ఆ కాలేజీలో చదివే కుర్రాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు వాడు. నెల తిరక్కుండానే అదే కాలేజీ నుంచి, అవే మాటలతో, చలికాలం క్యాంపుకి రమ్మని మెయిల్. ఆ మెయిల్ చూసి వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

డబ్బు కంటే నన్ను భయపెట్టింది చెయ్యి. మీవాడు కూడా పిచరే కాబట్టి ఇది తప్పకుండా చూడండి. పిచ్ స్మార్ట్ అని ఎంఎల్‌బీ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్), యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన మార్గదర్శకాలున్నాయి. 15 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఏడాదిలో కనీసం 4 నెలలు పోటీ పిచింగ్ మానాలి, అందులో కనీసం 2, 3 నెలలు వరుసగా ఓవర్‌హెడ్ త్రోయింగే (చెయ్యి పైకెత్తి విసరడమే) చేయకూడదు. మేం అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అన్ని నెలల్లోనూ క్యాంప్ పెట్టుకున్నాం. విశ్రాంతిలో ఉండాల్సిన చెయ్యి తీసుకెళ్లి చలిలో రాడార్ ముందు ఉన్న బలమంతా పెట్టి విసిరించాం. ఫిబ్రవరిలో మోచేయి నొప్పి, సీజన్ సగం పోయింది. ఆ తప్పు మాదే. మీరు ముందు వాడి విశ్రాంతి నెలలు క్యాలెండర్‌లో గీసుకుని, మిగిలిన నెలల్లో పడే క్యాంపుల గురించే ఆలోచించండి.

షార్ట్‌స్టాప్_22:

అంకుల్, నేను ఒక డి2 కాలేజీలో ఆడుతున్నాను. మా క్యాంపుల్లో చెక్-ఇన్ టేబుల్ దగ్గర ఉండేది మేమే, అందుకని లోపల ఎలా ఉంటుందో చెప్పగలను.

పొద్దున పిల్లలు రాకముందే మా రిక్రూటింగ్ కోఆర్డినేటర్ చేతిలో ఒక కాగితం ఉంటుంది. వంద మంది వస్తే అందులో ఏడెనిమిది పేర్లకి గుర్తు పెట్టి ఉంటుంది. వాళ్లు అరవై గజాలు పరుగెత్తేటప్పుడు, గ్రౌండర్లు (నేల మీద దొర్లి వచ్చే బంతులు) తీసేటప్పుడు, బుల్‌పెన్ వేసేటప్పుడు కోచ్ వెళ్లి పక్కన నిలబడతాడు. మిగిలినవాళ్లకి కూడా డ్రిల్స్ నిజాయితీగానే చేయిస్తాం, కానీ చూపు ఆ ఏడెనిమిది మంది మీదే. జాబితాలో లేనివాడు పైకి రావడం నేను రెండు సార్లు చూశాను, ఇద్దరూ ఆ రోజు మా అంచనాకి బాగా పైన ఆడినవాళ్లే. కాబట్టి ఆ కాగితం మీద పేరు పడటానికి క్యాంపుకి ముందు వారం రోజులు చేసే పని, అంటే మెయిల్, వీడియో, మీ ట్రావెల్ టీమ్ (స్కూల్ బయట ఆడే జట్టు) కోచ్ చేసే ఒక ఫోన్, ఇదే క్యాంప్ కంటే ముఖ్యం.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. డి1 క్యాంపులో పనిచేయడానికి చుట్టుపక్కల డి2, డి3, జూనియర్ కాలేజీల కోచ్‌లు కూడా వస్తారు. నన్ను మా కోచ్ మొదట చూసింది వేరే కాలేజీ క్యాంపులోనే. క్యాంప్ పేజీలో ఎవరెవరు పనిచేస్తున్నారో చూడండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి.

ఫ్రిస్కో_నాన్న:

అట్లాంటా అమ్మగారూ, చెయ్యి సంగతి నాకు అసలు తట్టలేదు, రాసినందుకు నిజంగా థాంక్స్. బాబూ, ఆ కాగితం సంగతి మా వాడికి చదివి వినిపించాను, మొదటిసారి వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

జెర్సీ గారూ, ఇంకొక్క ప్రశ్న. డి3 అంటే స్కాలర్‌షిప్ ఉండదు కదా, మరి దానికి క్యాంప్ ఖర్చు పెట్టడంలో అర్థం ఉందంటారా?

జెర్సీ_బుల్‌పెన్:

ఆటకి స్కాలర్‌షిప్ లేదు, నిజమే. ఐవీ లీగ్‌లోనూ లేదు. కానీ డి1లో ఉందని మనం ఊహించుకున్నదీ అంత లేదండీ. 2024-25 దాకా ఒక్కో జట్టుకి 11.7 స్కాలర్‌షిప్పులే, వాటినే ముక్కలు చేసి చాలామందికి పంచేవాళ్లు. ఇప్పుడు ఆ సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకి ఆ పరిమితి తీసేశారు గానీ డబ్బు పెట్టగలిగే కాలేజీలు అన్నీ కావు. డి3లో చదువుని బట్టో ఇంటి ఆదాయాన్ని బట్టో సాయం వస్తుంది, 3.9 ఉన్న పిల్లాడికి చాలా కాలేజీల్లో అది చిన్న మొత్తమేమీ కాదు. ఎమరీ, జాన్స్ హాప్‌కిన్స్, ఎంఐటీ, మీ శాన్ ఆంటోనియోలో ట్రినిటీ, అన్నీ డి3నే. ట్రినిటీ 2016లో డి3 జాతీయ ఛాంపియన్ కూడా. నచ్చిన పిల్లాడి మార్కుల్ని 12వ తరగతికి ముందు వేసవిలో కోచ్ అడ్మిషన్స్ వాళ్లకి చూపించి, సీటు వచ్చే అవకాశం ఎంతో ముందే తెలుసుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. మాకు ఎక్కువ ఉపయోగపడింది హెడ్‌ఫస్ట్ ఆనర్ రోల్ లాంటి క్యాంపు, చదువు బలంగా ఉన్న కాలేజీల కోచ్‌లు చాలామంది ఒకే చోటికి వస్తారు. ఫీజు ఎక్కువే, కానీ పది ఊళ్లు తిరగక్కర్లేదు. డి3 కోచ్‌లకి ఆగస్టు 1 లాంటి గడువు కూడా లేదు, ఈ రాత్రి మెయిల్ పెట్టినా వాళ్లు జవాబు రాయొచ్చు.

ఫ్రిస్కో_నాన్న:

రాత్రి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. 14లో 11 తీసేశాం. తీసేస్తుంటే ఒక పెద్ద కాలేజీ పేరు దగ్గర వాడు చాలాసేపు ఆగాడు, వాళ్లమ్మ వాడి వీపు మీద చెయ్యేసి కూర్చుంది, చివరికి వాడే కొట్టేశాడు. మిగిలిన మూడూ కారులో వెళ్లొచ్చే దూరంలోవే, మూడిటికీ వాడే మెయిల్ రాశాడు, ట్రినిటీకి కూడా వేరేగా రాశాడు. నవంబర్ నుంచి జనవరి మధ్య దాకా బంతి ముట్టుకోడు, మూడు క్యాంపుల్లో ఆ మధ్యలో పడేదాన్ని వసంతంలోకి మార్చుకోవడానికి వీలుందా అని రేపు ఫోన్ చేస్తాను.